గంజాం మేకలకు వంశపత్రం: ఏ కాగితం ఎవరు ఇవ్వాలి?

ప్రశ్న: మాది గజపతి జిల్లాలో కాశీనగరం దగ్గర ఒక పల్లె. తాతగారి కాలం నుంచీ మా ఇంట్లో గంజాం జాతి మేకలు ఉన్నాయి. ఇప్పుడు మందలో అరవై దాకా ఉంటాయి. పాతపట్నం వైపు ఒకాయన కేంద్ర ప్రభుత్వ పథకం కింద మేకల క్షేత్రం పెడుతూ, మా దగ్గర పది ఆడమేకలనూ రెండు విత్తనపు పోతులనూ కొంటానన్నారు. అయితే ప్రతి మేకకూ జాతి రిజిస్ట్రేషన్ కాగితం, తల్లిదండ్రుల వివరాలు ఉండాలంటున్నారు. సంతలో తిరిగే ఒక దళారి మేకకు 1,500 రూపాయలిస్తే పెడిగ్రీ సర్టిఫికెట్లు తానే తెచ్చి ఇస్తానంటున్నాడు. మా దగ్గర రాసిపెట్టిన లెక్కలేమీ లేవు, అంతా నాన్నగారి జ్ఞాపకమే. కొన్ని పిల్లలకు తండ్రి ఎవరో కచ్చితంగా చెప్పలేం, ఎందుకంటే ఆ రోజుల్లో మందలో రెండు పోతులు తిరిగాయి. "అన్నిటికీ మన పెద్ద పోతునే రాసెయ్యమ్మా" అని నాన్నగారు అంటున్నారు. అలా రాయవచ్చునా? అసలు ఈ పని ఎక్కడ మొదలుపెట్టాలి? (పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు)

సమాధానం: అమ్మా, ముందుగా ఆ దళారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. అతను తెస్తానంటున్న కాగితం వెనుక ఏ కార్యాలయమూ లేదు. మన దేశంలో జాతుల నమోదు చూసే సంస్థ హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో. ఆ సంస్థ నమోదు చేసేది జాతిని మాత్రమే, విడివిడిగా ఒక్కొక్క జీవాన్ని కాదు. గంజాం మేక ఒడిశాకు చెందిన జాతిగా 06008 అన్న సంఖ్యతో ముగిసే నమోదు గుర్తు కింద ఆ జాబితాలో ఇప్పటికే ఉంది. ఆ నమోదు మీ మందకు, మీ పొరుగువారి మందకు, బరంపురం చుట్టుపక్కల మేసే మందలకు అన్నిటికీ ఉమ్మడిది కనుక, దాని కోసం మీరు కొత్తగా దరఖాస్తు పెట్టవలసిన పని లేదు, రుసుము కట్టవలసిన పని అంతకన్నా లేదు. ఒక్కొక్క పశువును దాని తల్లిదండ్రులతోనూ పాల దిగుబడితోనూ సహా నమోదు చేసే కేంద్ర మంద నమోదు పథకమొకటి ఉన్న మాట నిజమే. దాని విభాగం ఒకటి ఒంగోలులో కూడా ఉంది. కానీ అది ఆవులకూ గేదెలకూ ఉద్దేశించినది, మేకలు దాని పరిధిలోకి రావు.

అలాగని కొనేవారు కోరినది అన్యాయమైన కోరిక అని నేననను. క్షేత్రం పెట్టేవారికి తల్లిదండ్రుల వివరాలు తెలిసి తీరాలి. వారు "రిజిస్ట్రేషన్" అన్న ఒక్క మాటలో కలిపేసి అడుగుతున్నది నిజానికి మూడు వేర్వేరు విషయాలు: ఈ మేక ఫలానాదేనన్న గుర్తింపు, ఇది గంజాం జాతి లక్షణాలున్న మేకేనన్న పశువైద్యుని ధ్రువీకరణ, దీని తల్లి ఎవరు, తండ్రి ఎవరు అన్న వంశవివరం. మొదటి రెండూ ప్రభుత్వ పశువైద్యశాల ద్వారా వస్తాయి. మూడవదాన్ని ఇవ్వగలిగినది మీ ఇల్లు ఒక్కటే. మీ మండలంలో, అంటే మీ బ్లాకులో, ఎంత పెద్ద అధికారి అయినా మీ దొడ్డిలో ఏ రాత్రి ఏ మేక ఈనిందో చూసి ఉండరు కదా.

గుర్తింపుతో మొదలుపెట్టండి. మీకు దగ్గరలోని లైవ్‌స్టాక్ ఎయిడ్ సెంటర్‌కు వెళ్ళి లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టరును కలిసి, మందకంతటికీ చెవి ట్యాగులు వేయించమని అడగండి. పసుపుపచ్చని ఆ ట్యాగు మీద 12 అంకెల సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యతోపాటు యజమాని వివరాలు, మేక జాతి, వయసు, వేసిన టీకాలు భారత్ పశుధన్ అనే జాతీయ డేటాబేసులోకి ఎక్కుతాయి. ట్యాగు వేసే రోజున మీరు పక్కనే ఉండి జాతి గడిలో ఏమి ఎంచుతున్నారో చూడండి. పని తొందరలో "నాటు" అనో "ఇతరములు" అనో ఎంచి ముందుకు వెళ్ళిపోవడం జరుగుతుంటుంది, తరువాత ఆ ఒక్క గడిని మార్పించడానికి పలుమార్లు తిరగవలసి వస్తుంది. సంఖ్యను మీ పుస్తకంలో రాసుకునేటప్పుడు ఒకరు చెవి చూసి చదువుతుండగా మరొకరు రాయండి, రాసినవారు దాన్ని తిరిగి పైకి చదవండి. ట్యాగు ముళ్ళకంపకు తగిలి ఊడిపోతే కొత్తది వేయించి, పాత సంఖ్యను కొట్టివేయకుండా దాని పక్కనే కొత్త సంఖ్యనూ తేదీనీ రాయండి. పాత సంఖ్య మాయమైన మేకకు వంశం కూడా అక్కడితో తెగిపోతుంది.

సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు మరొక చిక్కు ఉంది. మన తెలుగు ఇళ్ళలో ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశా కార్యాలయాల్లో దాన్ని చివర రాస్తారు. ఆధార్‌లో ఒక రకంగా, బ్యాంకు పుస్తకంలో ఒక రకంగా, ట్యాగు నమోదులో మరొక రకంగా మీ నాన్నగారి పేరు పడిందంటే, రేపు మేకను ఆంధ్రప్రదేశ్‌లోని కొనుగోలుదారు పేరు మీదకు మార్చేటప్పుడు గానీ, బీమా పరిహారం అడిగేటప్పుడు గానీ "ఈ ముగ్గురూ ఒకరేనా" అన్న ప్రశ్న వస్తుంది. కనుక ఆధార్‌లో ఏ అక్షరాలతో, ఏ వరసలో ఉందో అచ్చంగా అలాగే అన్నిచోట్లా రాయించండి. మంద ఎవరి పేరు మీద ఉండాలన్నది కూడా ఇంట్లో ఇప్పుడే తేల్చుకోండి. సగం నాన్నగారి పేరునా సగం మీ పేరునా ఉంటే లెక్క కలవదు.

రెండవది జాతి ధ్రువీకరణ. పర్లాకిమిడిలో ఉన్న జిల్లా ముఖ్య పశువైద్యాధికారి కార్యాలయం దాకా మీరు మొదటే వెళ్ళనక్కరలేదు, మీ బ్లాకు పశువైద్యాధికారిని కలిస్తే సరిపోతుంది. అమ్మదలచిన పన్నెండింటినీ మందనుంచి విడదీసి, వారు వచ్చిన రోజున ఒకచోట కట్టి ఉంచండి. గంజాం మేకలో వారు చూసేవి మీకు తెలియనివి కావు: ఎత్తయిన శరీరం, పొడవైన కాళ్ళు, పైకి లేచిన నిటారు కొమ్ములు, పొట్టిగా మెరిసే వెంట్రుక. రంగు ఎక్కువగా నలుపే అయినా గోధుమ, తెలుపు, మచ్చల మేకలు కూడా ఈ జాతిలో ఉన్నాయి కనుక, నల్లగా లేనంత మాత్రాన మంచి మేకను జాబితా నుంచి తీసేయకండి. ఈ జాతిని తరతరాలుగా నిలబెట్టినవారు మీలా మేకలు పెంచుకునే గొల్ల కుటుంబాలేనని పశుశాస్త్ర గ్రంథాలు కూడా రాశాయి. కాబట్టి అధికారి ముందు మీ నాన్నగారు సంకోచించవలసిన పని లేదు, ఏ మేక ఏ లక్షణం వల్ల మంచిదో ఆయన నోటితోనే చెప్పనివ్వండి. ఆ ధ్రువపత్రంలో "ఈ మేకలు గంజాం జాతి బాహ్య లక్షణాలు కలిగి ఉన్నవి" అన్న వాక్యం, దాని కింద పన్నెండు ట్యాగు సంఖ్యలూ ఉండాలి. సంఖ్యలు లేకుండా "12 మేకలు" అని మాత్రమే రాసిన కాగితం ఏ పన్నెండింటికైనా చెల్లుతుంది, అంటే దేనికీ చెల్లదు.

ఇక అసలు విషయమైన వంశపుస్తకానికి వద్దాం. గట్టి అట్ట ఉన్న పెద్ద రిజిస్టరు ఒకటి కొని, ప్రతి ఆడమేకకూ రెండు పుటలు కేటాయించండి. పుట పైభాగంలో మీరు ఇంట్లో పిలుచుకునే పేరు, ట్యాగు సంఖ్య, రంగు, మచ్చలు, కొమ్ముల తీరు, పుట్టిన తేదీ, తల్లి, తండ్రి రాయండి. దాని కింద ఈతల పట్టిక వేయండి. ప్రతి ఈతకూ పోతుతో కలిసిన తేదీ, ఆ పోతు ట్యాగు సంఖ్య, ఈనిన తేదీ, పిల్లలెన్ని, ఆడా మగా, పుట్టినప్పటి బరువు ఉండాలి. పుట్టిన పిల్ల తడి ఆరగానే, తల్లి నాకడం పూర్తయ్యాక, స్ప్రింగు కాటాకు గోనెసంచి తగిలించి అందులో పెట్టి తూచండి, సంచి బరువు తీసేసి రాయండి. ట్యాగు పడేదాకా పిల్ల మెడకు రంగుదారం కట్టి, ఏ రంగు ఏ పిల్లదో అదే పుటలో రాయండి. కవలలు పుట్టినప్పుడు ఈ దారమే మీకు ఆధారం. ఆ తరువాత మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు నెలలకు ఒక్కొక్కసారి తూస్తే చాలు. మేకల అభివృద్ధి కోసం దేశవ్యాప్తంగా నడిచే అఖిల భారత సమన్వయ పరిశోధన పథకంలో కూడా ఈ బరువులనే తీసుకుంటారు. ఆ పథకంలో గంజాం మేకల పని భువనేశ్వర్‌లోని ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయం చూసింది. వారి కింద ఆర్. ఉదయగిరిలో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రం మీ జిల్లాలోదే, రిజిస్టరు నమూనా చూపించి సలహా అడగడానికి అది మంచి చోటు.

పోతులకు విడిగా పుటలు ఉండాలి. ఏ పోతు ఏ తేదీన మందలోకి వచ్చింది, ఏ తేదీన తీసేశారు, ఎవరి దగ్గర కొన్నారు అన్న మూడు విషయాలు లేకపోతే ఆడమేకల పుటలు ఎంత చక్కగా నింపినా తండ్రి గడి ఊహగానే మిగిలిపోతుంది.

ఇక్కడే మీ నాన్నగారి మాట దగ్గరకు వస్తున్నాను. పెద్దవారి మాట కాదనడం మీకు కష్టమని నాకు తెలుసు, ఆయన ఉద్దేశంలో మోసమేమీ లేదనీ తెలుసు. ఆ పోతు మంచిదని ఆయన గట్టి నమ్మకం. అయినా అన్నిటికీ దాని పేరే రాయకండి. తండ్రి తెలియని పిల్లకు పెద్ద పోతును తండ్రిగా రాశారనుకోండి. కొనుగోలుదారు మీ కాగితం చూసి, ఆ పిల్లను మీ రెండవ పోతుకు ధైర్యంగా ఇస్తారు. నిజానికి ఆ రెండవ పోతే దాని తండ్రి అయి ఉంటే, తండ్రీ కూతుళ్ళ సంపర్కంతో పుట్టిన పిల్లలు బలహీనంగా ఉంటాయి, ఎదుగుదల తగ్గుతుంది, చావులు పెరుగుతాయి. ఆయన ఆ తప్పును మందలోనో మేతలోనో వెతుకుతారు తప్ప, మీ కాగితంలో ఉందని ఎన్నటికీ తెలుసుకోలేరు. వంశపుస్తకం ఉన్నదే ఇటువంటి కీడును తప్పించడానికి, అది తెలియనిదాన్ని తెలిసినట్టు చెబితే పుస్తకం లేకపోవడమే మేలు. ఇదే మాట నాన్నగారికి ఆయన మేకల భాషలో, "మనం ఇచ్చిన పిల్లలు అక్కడ చచ్చిపోతే పేరు పోయేది మన మందదే కదా నాన్నా" అని చెప్పి చూడండి.

తండ్రి తెలియని చోట "నిర్ధారణ కాలేదు" అని రాయండి. రెండు పోతుల్లో ఒకటేనని మాత్రం గట్టిగా తెలిస్తే, రెండింటి సంఖ్యలూ రాసి "ఈ రెండింటిలో ఒకటి" అని పక్కన చేర్చండి. అలా రాసిన మేక విలువ తగ్గదు. ఏ దేశపు మందల పుస్తకమైనా తల్లిదండ్రులు తెలియని మేకలతోనే మొదలైంది. వాటిని మూలమంద కింద రాసుకుని, వాటికి పుట్టిన పిల్లల నుంచి తరాలు లెక్కిస్తారు. మీ అరవై మేకలూ మీ పుస్తకంలో మూలమందే. ఈ ఏడాది నుంచి పుట్టే పిల్లలు మొదటి తరం.

ఇకమీదట ఈ సందేహం రాకుండా చేయడం కష్టమేమీ కాదు. మేక చూలు మోసే కాలం దాదాపు 150 రోజులు, అయిదు రోజులు అటూ ఇటూ ఉంటుంది. ఒక పోతును మందనుంచి తీసేశాక మూడు వారాలు ఏ పోతునూ వదలకుండా ఆగి, ఆ తరువాతే రెండవదాన్ని వదిలితే, మొదటి పోతు పిల్లలన్నీ పుట్టేశాక కొన్ని రోజులు ఖాళీ ఉండి, తరువాత రెండవదాని పిల్లలు మొదలవుతాయి. ఈనిన తేదీయే తండ్రిని చెప్పేస్తుంది. అయితే ఆ మూడు వారాలూ అడవి అంచున మేతకు వెళ్ళినప్పుడు పక్కవారి పోతులు కలవకుండా చూడాలి. మందలో ఎదిగొస్తున్న మగపిల్లలను కూడా మూడు నాలుగు నెలల వయసుకే విడదీయాలి, ఎందుకంటే అవి మనం అనుకునేదానికంటే ముందే దాటడం మొదలుపెడతాయి. ఎవరి పోతునైనా అరువు తెచ్చుకుంటే, ఆ యజమాని చేత "నా ఫలానా సంఖ్య పోతు ఫలానా తేదీల మధ్య ఫలానావారి మందలో ఉంది" అని ఒక చీటీ రాయించి సంతకం తీసుకోండి. అమెరికాలో 1904 నుంచి నడుస్తున్న పాడిమేకల సంఘం కూడా, పోతు వేరేవారిదైనప్పుడు ఇటువంటి చీటీ లేనిదే పిల్లను తమ పుస్తకంలోకి ఎక్కించుకోదు. అంత పెద్ద పుస్తకానికీ ఆధారం రైతు సంతకమే.

గడచిన కాలపు వివరాలను నాన్నగారి జ్ఞాపకం నుంచి రాసేటప్పుడు కొంత ఓపిక కావాలి. ఆయనను తేదీ అడగకండి. "రథయాత్రకు ముందా వెనకా", "ధాన్యం నూర్పిళ్ళప్పుడు ఇది పాలు తాగుతోందా", "ఆ పెద్ద తుఫాను నాటికి దీని తల్లి చూలుతో ఉందా" అని అడిగితే ఆయన నెల దాకా చెప్పగలరు. ఆయన చెప్పినదాన్ని పళ్ళతో సరిచూడండి. పాలపళ్ళు మాత్రమే ఉంటే సుమారు ఏడాదిలోపు, రెండు పెద్దపళ్ళు వచ్చి ఉంటే ఏడాది దాటినట్టు, నాలుగు ఉంటే రెండేళ్ళ ప్రాంతం, ఆరు ఉంటే మూడేళ్ళకు దగ్గర, ఎనిమిదీ వచ్చేస్తే నాలుగేళ్ళ ప్రాంతం లేదా ఆపైన. జ్ఞాపకమూ పళ్ళూ కలిస్తే నెల, సంవత్సరం రాసి పక్కన "అంచనా" అని చేర్చండి. కలవకపోతే పళ్ళనే నమ్మి సంవత్సరం ఒక్కటే రాయండి. రోజుతో సహా తేదీ రాయడం ఈనినప్పుడు అక్కడ ఉండి చూసిన పిల్లలకే ఉంచండి. అంచనాగా రాసినవీ, చూసి రాసినవీ వేర్వేరు సిరాలతో ఉంటే ఇంకా మంచిది.

కొనేవారి పథకం గురించి రెండు మాటలు. జాతీయ పశుధన మిషన్ కింద మేకల పెంపక క్షేత్రాలకు 100 ఆడమేకలు, 5 పోతుల నుంచి మొదలుకొని 500 ఆడమేకలు, 25 పోతుల దాకా అంచెలున్నాయి. పెట్టుబడిలో సగం రాయితీగా వస్తుంది, గరిష్ఠంగా 50 లక్షల రూపాయల దాకా. ఇంత పెద్ద మందకు మీ పన్నెండూ ఒక భాగం మాత్రమే కనుక, ఆయన మిగిలినవి వేరేచోట కొంటారు. అందుకని మీరు ఇచ్చే రెండు పోతులూ మీరు ఇచ్చే పది ఆడమేకలకు అన్నదమ్ములు అయ్యే అవకాశం ఉంటే ఆ సంగతి ఆయనకు ముందే చెప్పండి, చెప్పడమే కాదు, కాగితంలో రాయండి. ఆ పోతులను ఇతర మందల నుంచి తెచ్చిన ఆడమేకలకు వాడుకొమ్మని మీరే సలహా ఇస్తే, తరువాతి ఏడాది కూడా ఆయన మీ గడపే తొక్కుతారు.

మేకలు రాష్ట్రం దాటే ముందు పశువైద్యుని ఆరోగ్య ధ్రువపత్రం తీసుకోండి. పాతపట్నం పర్లాకిమిడిని ఆనుకునే ఉన్నా సరిహద్దు సరిహద్దే. పీపీఆర్ టీకా, అంటే మనవాళ్ళు మేకల పారుడు రోగమనే జబ్బుకు వేసేది, ప్రయాణానికి కనీసం మూడు వారాల ముందు వేయించి ఆ తేదీని ట్యాగు సంఖ్యలతో కలిపి నమోదు చేయించండి. మేకలు చేతులు మారిన రోజునే భారత్ పశుధన్‌లో యజమాని మార్పు కూడా అడగండి, లేకపోతే అవి అక్కడ మేస్తున్నా లెక్కలో మీ మందలోనే ఉంటాయి. మీ దగ్గర మిగిలే మేకలకు బీమా చేయించుకునే ఆలోచన ఉంటే దానికీ ఈ ట్యాగే ఆధారం. ఆ ప్రీమియంలో పెంపకందారు వాటా 15 శాతమే, మిగిలినది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు భరిస్తాయి.

చివరగా కొనుగోలుదారుకు ఇచ్చే పత్రం. ప్రతి మేకకూ ఒక పుట చొప్పున మీ రిజిస్టరు నుంచి ఎత్తి రాయండి. పై వరసలో "యజమాని మంద పుస్తకం నుంచి తీసిన వంశవివరం" అని ఉండాలి. "ప్రభుత్వ రిజిస్ట్రేషన్" అన్న మాట గానీ, ఏ సంస్థ ముద్రను పోలిన ముద్ర గానీ వేయకండి. కింద నాన్నగారి సంతకం, తేదీ, ట్యాగు సంఖ్య కనిపించేలా తీసిన చెవి ఫొటో, మేక పక్కవాటు ఫొటో ఉండాలి. పత్రం ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి రాసి రెండింటి మీదా ఆయనతో సంతకం చేయించండి. మీ బ్లాకు అధికారికి మొదటిది, పాతపట్నంలో చదివేవారికి రెండవది పనికివస్తాయి. అంకెలు మాత్రం రెండింటిలోనూ 1, 2, 3 అనే ఉండనివ్వండి, ఒడియా అంకెలతో రాస్తే అవతల ట్యాగుతో పోల్చి చూసుకోవడం వారికి కష్టమవుతుంది. కొనుగోలుదారు ఇంకా "పై నుంచి వచ్చే సర్టిఫికెట్" కావాలని పట్టుబడితే, మేకలకు అటువంటిది లేదని మీ బ్లాకు పశువైద్యాధికారితో ఫోనులో ఒకసారి మాట్లాడించండి.